వాంపైర్ అందరివాడే, మీరు రాసిన కథ మాత్రం మీదే

ప్రశ్న: మాది తిరుపతి. ఇంటి పని, పిల్లల చదువులు చూసుకుంటూ ఒక కథల యాప్‌లో కలం పేరుతో సీరియల్ రాస్తున్నాను. చంద్రగిరి కోటలో నాలుగు వందల ఏళ్లుగా చావు లేకుండా తిరుగుతున్న ఒక వాంపైర్, అప్పట్లో చనిపోయిన అతని భార్య ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదివే అమ్మాయిగా మళ్లీ పుట్టడం నా కథ. ఏడాదంతా జనానికి కనిపించకుండా ఉండే అతను, అందరూ వేషాల్లో ఉంటారు కాబట్టి గంగమ్మ జాతరప్పుడు మాత్రం బైరాగి వేషం వేసుకుని ఊళ్లోకి వస్తాడు. ఆమె గొంతు విని గుర్తుపడతాడు. ఇప్పుడు ఒక ఆడియో కథల ఛానల్ వాళ్లు దీన్నే ఎపిసోడ్లుగా చదువుతున్నారు. పేర్లు మార్చారు, చంద్రగిరిని గండికోట చేశారు. మిగతాదంతా నాదే. భార్యను అతను పిలిచే ‘సన్నజాజీ’ అనే ముద్దుపేరు మాత్రం రెండు చోట్ల మార్చడం మరిచిపోయారు. అడిగితే, ‘వాంపైర్ నీ సొత్తా? నువ్వే డ్రాకులా నుంచి కొట్టేశావు, ఎక్కువ మాట్లాడితే నీ మీదే కేసు వేస్తాం’ అన్నారు. నేను కథను రిజిస్టర్ చేయించలేదు. ఇదిలా ఉంటే చెన్నై నుంచి ఒకరు వెబ్ సిరీస్ కోసం ‘సర్వహక్కులూ’ ఇరవై వేలకు ఇచ్చేయమని కాగితం పంపారు. మా ఆయన సంతకం పెట్టేయమంటున్నారు. పైగా అమ్మవారి జాతరను పిశాచం కథలో పెట్టినందుకు నా మీద కేసు అవుతుందేమోనని ఇంకో భయం. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందుగా రిజిస్ట్రేషన్ సంగతి చెబుతాను, మీ భయమంతా అక్కడే మొదలైనట్టుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసిన రచన మీద హక్కు, అది రాతలోకి వచ్చినప్పుడే రచయితకు వస్తుంది. రిజిస్టర్ చేయిస్తే 48వ సెక్షన్ కింద కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుందే తప్ప, చేయించనంత మాత్రాన హక్కు పోదు. కలం పేరుతో రాసినా అంతే. కాకపోతే కాలపరిమితిలో తేడా ఉంది. అసలు పేరు బయటపెట్టిన రచయిత హక్కు జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కలం పేరు వెనకాల ఎవరున్నారో తెలియకపోతే ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లే. అందుకే ఆ కలం పేరు మీదేనని రుజువు చేసే కాగితం ఒకటి ఇప్పుడే సిద్ధం చేసుకోండి. రిజిస్ట్రేషన్ ఇప్పుడైనా చేయించవచ్చు. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు వేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

ఇక ‘డ్రాకులా నుంచి కొట్టేశావు’ అన్న మాట. ఇలాంటి మాట విని చాలామంది నిజంగానే తప్పు చేశామేమో అనుకుని నోరు మూసుకుంటారు. మీరు మూసుకోకండి. బ్రామ్ స్టోకర్ ఆ నవలను 1897లో ప్రచురించి 1912లో చనిపోయారు. దాని మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. పైగా ఆ నవలలో మళ్లీ పుట్టిన భార్య అసలు లేదు. ఆ ముడి తర్వాతి కాలంలో సినిమావాళ్లు వేసింది. చనిపోయిన ప్రేమ ఇంకో జన్మలో ఎదురుపడటం అంటారా, అది మనకు కొత్తా? 1964లో ‘మూగమనసులు’ చూసి ఏడ్చిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. శవాన్ని ఆవహించే బేతాళుడి కథలు సంస్కృతంలో వెయ్యేళ్ల కిందటే ఉన్నాయి. అద్దంలో నీడ పడకపోవడం, పాత చిత్రపటంలో తన ముఖమే కనిపించడం, పూర్వజన్మ కలలోకి రావడం, రక్తదాహానికీ ప్రేమకూ మధ్య నలిగిపోవడం లాంటివన్నీ ఈ తరహా కథలకు సహజంగా వచ్చే సరుకు. వీటిమీద మీకూ హక్కు లేదు, వాళ్లకూ లేదు. జాతరలో బైరాగి వేషం ఎవరైనా వేసుకోవచ్చు, దానికి హక్కుదారు ఉండడు. అలాంటిదే ఇదీ.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఇచ్చిన తీర్పే నేటికీ ఆధారం. ఆయన రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని కాపీ కొట్టి 1956లో ‘న్యూ ఢిల్లీ’ అనే హిందీ సినిమా తీశారని ఆయన దావా వేశారు. రెండింటిలోనూ ప్రాంతీయ దురభిమానమే వస్తువు. అయినా ఆయన ఓడిపోయారు. ఎందుకంటే, వస్తువు మీద కాపీరైట్ ఉండదు, దాన్ని రచయిత చెప్పిన తీరు మీదే ఉంటుంది అని కోర్టు తేల్చింది. రెండూ చదివిన లేదా చూసిన మనిషికి, రెండోది మొదటిదానికి నకలేనన్న అభిప్రాయం సందేహం లేకుండా కలగాలి. అదీ కొలత.

ఈ కొలత పెట్టి మీ కథ చూద్దాం. వాంపైర్, పునర్జన్మ పక్కన పెట్టేయండి. ఏడాదంతా దాక్కునే మనిషి అందరూ వేషాలేసే రోజుల్లోనే ధైర్యంగా బయటికి రావడం మీ ఊహ. ముఖం చూసి కాకుండా గొంతు విని గుర్తుపట్టడం మీ ఊహ. సన్నివేశాల వరుస, సంభాషణలు, ఎపిసోడ్ ఎక్కడ ఆపాలన్న నిర్ణయం, అన్నీ మీవే. గండికోట కడప జిల్లాలో పెన్నా లోయ ఒడ్డున ఉంది. జాతరేమో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మది. చంద్రగిరి కోట తిరుపతికి పక్కనే కాబట్టి మీ కథలో అతను రాత్రికి రాత్రి వచ్చి వెళ్లిపోవడం నప్పుతుంది. గండికోట నుంచి ఎలా వస్తాడో వాళ్లు చెప్పారా? చెప్పకపోతే ఆ అతుకు మీకు మంచి సాక్ష్యం. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ‘సన్నజాజీ’. మీరు పెట్టిన ముద్దుపేరు వాళ్ల ఎపిసోడ్లో రెండుసార్లు ఊరికే దొర్లదు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందన్న వాదన అక్కడ నిలబడదు.

పేర్లూ ఊళ్లూ మారిస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఇవాళ కొత్తగా పుట్టలేదు. ‘డ్రాకులా’నే అనుమతి లేకుండా 1922లో జర్మనీలో మూకీ సినిమాగా తీశారు. కౌంట్ డ్రాకులా పేరును ఓర్లాక్ అన్నారు, కథను జర్మన్ ఊరికి మార్చారు. భర్త పోయిన ఫ్లోరెన్స్ స్టోకర్ కోర్టుకెక్కింది. సినిమా ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. కొన్ని ప్రతులు తప్పించుకున్నాయి కాబట్టి ఆ సినిమా మిగిలింది, అది వేరే విషయం. వాంపైర్ కథను ఎవరైనా రాసుకోవచ్చు, ఇంకొకరు అల్లిన కథను పేర్లు మార్చి అమ్ముకోకూడదు అన్న తేడా అప్పటి నుంచే ఉంది.

రాత రూపంలో ఉన్నదాన్ని గొంతుతో చదివి జనానికి వినిపించడం కూడా 14వ సెక్షన్ ప్రకారం మీ అనుమతితోనే జరగాలి. ‘మేం రాయలేదు, చదివాం’ అనడం వాళ్లకు రక్షణ కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. వాళ్లతో ఇక ఒక్క మెసేజ్ కూడా మాట్లాడకండి. మీకు అనుమానం వచ్చిందని వాళ్లకు తెలిసింది కాబట్టి ఎపిసోడ్లు తీసేసే అవకాశం ఉంది, ముందే పట్టుకోండి. ప్రతి ఎపిసోడ్‌నూ లింకు, తేదీ, వ్యూస్ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. మీ వైపు నుంచి యాప్‌లో ప్రతి భాగం పెట్టిన తేదీ, ఫోన్‌లోని డ్రాఫ్టులు, నోటుబుక్కులో రాసుకున్న పేజీలు, స్నేహితురాళ్లకు ముందుగా పంపిన మెసేజ్‌లు, ఏదీ చెరపకండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలతోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు మార్పు లేకుండా ఉందని చూపే హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. అందుకే స్క్రీన్ రికార్డింగులను ఎడిట్ చేయకుండా, కత్తిరించకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టేయండి. వీటికి తోడు ఎడమవైపు మీ వాక్యం, కుడివైపు వాళ్ల వాక్యం పెట్టి ఒక పట్టిక రాయండి. కాస్త విసుగు పని. కానీ న్యాయమూర్తి మీ సీరియల్ మొత్తం చదవరు, ఆ పట్టిక చదువుతారు.

ఇది చేతిలో ఉన్నాక ఆ ఛానల్ ఉన్న వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ రూలు ప్రకారం సరైన ఫిర్యాదు అందాక 36 గంటల్లో దాన్ని ఆపాలి. అయితే ఆ నిలుపుదల 21 రోజులకే. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టేయవచ్చు. చాలామంది వీడియో ఆగిందని సంబరపడి ఇక్కడే ఊరుకుంటారు. మీరు ఫిర్యాదు చేసిన వారంలోనే లాయర్ నోటీసు పంపించండి, దావా కాగితాలు తయారు చేయించుకోండి.

దావా కోసం వాళ్ల ఊరికి తిరగాల్సిన పని లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ మీరు నివసించే చోటే కేసు వేసుకునే వీలు ఇచ్చింది. వాళ్లు ఆ ఎపిసోడ్లు వినిపించకుండా నిషేధ ఉత్తర్వు, నష్టపరిహారం, సంపాదించిన లాభాల లెక్క, మూడూ అడగవచ్చు. దావా విలువ 3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టు చట్టం వర్తిస్తుంది. అప్పుడు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు అడిగితే ఆ మెట్టు అక్కర్లేదు. నష్టపరిహారం దావాకు గడువు కాపీ జరిగిన రోజు నుంచి మూడేళ్లు.

పోలీసు కేసు పెట్టవచ్చా అంటే, పెట్టవచ్చు. తెలిసి చేసిన కాపీకి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమని, బెయిల్ హక్కుగా దొరకదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మీ విషయంలో నేను దాన్ని రెండో మెట్టుగానే ఉంచుతాను. రెండు కథలు పోల్చి చూడటం స్టేషన్‌లో తేలే పని కాదు. సివిల్ కోర్టు నుంచి ఒక ఉత్తర్వు వచ్చాక ఆ దారి బలంగా ఉంటుంది. వాళ్లు ‘నీ మీదే కేసు’ అని బెదిరించిన మెసేజ్ భద్రంగా పెట్టుకోండి. ఆధారం లేకుండా కాపీరైట్ కేసు వేస్తామని బెదిరించడాన్ని ఆపించమని 60వ సెక్షన్ కింద మీరే కోర్టును అడగవచ్చు.

జాతర గురించి మీ భయం అనవసరం. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం కావాలంటే, మత విశ్వాసాలను గాయపరచాలన్న ఉద్దేశం, అదీ దురుద్దేశంతో కావాలని చేసింది అయి ఉండాలి. జాతరను నేపథ్యంగా, భక్తి తగ్గకుండా రాస్తే ఆ మాటే రాదు. అమ్మవారిని కించపరిచే వాక్యం ఏదైనా దొర్లిందేమో ఒకసారి చదివి చూసుకోండి, చాలు.

చివరగా ఆ చెన్నై కాగితం. నా మనసులో మాట చెప్పాలంటే, ఆడియో దొంగతనం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. వాళ్లు దొంగిలించింది తిరిగి తెచ్చుకోవచ్చు, మీరు సంతకం పెట్టి ఇచ్చింది తెచ్చుకోవడం చాలా కష్టం. ‘సర్వహక్కులు’ అంటే సిరీస్ ఒక్కటే కాదు, పుస్తకం, ఆడియో, ఇతర భాషలు, రెండో భాగం, ఆ పాత్రలతో రాబోయే ప్రతి కథా వెళ్లిపోతాయి. మీ నాయకుడి గురించి మళ్లీ మీరే రాయాలన్నా వాళ్లను అడగాల్సి వస్తుంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో, మీ సంతకంతో ఉండాలి. ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం మీ తరఫున నిలబడుతుంది. కానీ ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని వాళ్లు రాసి మీరు సంతకం చేస్తే ఆ రక్షణ ఉండదు. వెబ్ సిరీస్ హక్కు ఒక్కటే, నిర్ణీత కాలానికి, తెర మీద మీ పేరుతో ఇస్తానని చెప్పండి. ముందు ఏడాది పాటు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆగడానికి కొంత సొమ్ము, సిరీస్ మొదలైతే అసలు సొమ్ము అన్న పద్ధతి అడగండి. రచయితగా మీ పేరు మీదేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద అమ్మినా మీతోనే ఉంటుంది.

దానికి ముందు యాప్‌లో మీరు ఒప్పుకున్న షరతులు చదవండి. ఎక్స్‌క్లూజివ్ కాంట్రాక్టులో చేరి ఉంటే ఆ హక్కు ఇప్పటికే కొంత వాళ్ల దగ్గర ఉండవచ్చు. అప్పుడు చెన్నైవాళ్లకు ఇస్తే చిక్కు మీకే. మీ ఆయన మంచికే చెప్పి ఉంటారు, ఇరవై వేలు చిన్న మొత్తమేం కాదు. కానీ హక్కుదారు మీరు. మీ అనుమతి లేకుండా ఆయన సంతకం చెల్లదు, ఆయన చెప్పారని మీరు చేయాల్సిన పనీ లేదు. ఈ జవాబు ఆయనతో కూడా చదివించండి.

ఖర్చుకు వెనకాడుతున్నారేమో, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్, పోలిక పట్టిక, యాప్ షరతుల ప్రింటు, చెన్నైవాళ్ల కాగితం తీసుకెళ్లండి. ఆ కాగితాన్ని ఒక లాయరు చదివేదాకా సంతకం పెట్టకండి.