నాని మాటల గురించి పెద్దమ్మ రాసేది

బెంగళూరు

చి. సౌ. లావణ్యకు ఆశీస్సులు.

ఆటిజం ఉన్న మన నాలుగేళ్ల నాని మాటల గురించి నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి సగం సగం జవాబులే చెప్పాను. రాసి పంపితే అల్లుడు కూడా చదువుతాడు, మీ ఇద్దరికీ మళ్లీ మాటా మాటా పెరగదు. స్పీచ్ థెరపిస్టుగా పనిచేసినన్నాళ్లూ అమ్మానాన్నలు నన్ను అడిగినవి ఇవే.

ముందు, నానికి మెదడు స్కాన్ తీయించాలా అన్న సంగతి. ఆటిజం ఉన్నవాళ్ల మెదడు వైరింగ్‌లో తేడా ఉంటుందని అల్లుడు చదివింది అబద్ధం కాదు. మాట అర్థం కావడానికి ఎడమ చెవి వెనకవైపు ఉండే వెర్నికె ప్రాంతం, మాట కూర్చి పలకడానికి ఎడమ కణత దగ్గరుండే బ్రోకా ప్రాంతం ముఖ్యం. ఆ రెంటినీ ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అనే వంపు తిరిగిన నరాల కట్ట కలుపుతుంది. 2004లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్సెల్ జస్ట్ బృందం ఆటిజం ఉన్న పెద్దవాళ్లచేత వాక్యాలు చదివిస్తూ మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ తీసింది. మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లలో వెర్నికె దగ్గర పని ఎక్కువ, బ్రోకా దగ్గర తక్కువ కనిపించింది. మెదడు భాగాలు ఒకదానితో ఒకటి జతకలిసి పనిచేయడం కూడా తగ్గింది. చాలామందిలో భాష ఎడమవైపుకే మొగ్గుతుంది, ఆటిజంలో ఆ మొగ్గు తక్కువని తర్వాతి పరిశోధనల్లోనూ తేలింది.

అయితే ఇవన్నీ పదుల మందిని కలిపి తీసిన సగటులమ్మా. నాని ఒక్కడి స్కాన్ చూసి వీడికి మాటలు వస్తాయనో రావనో చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. అసలు ఆటిజం ఉందని తేల్చడానికే స్కాన్ వాడరు. పిల్లవాణ్ణి గమనించి, మిమ్మల్ని అడిగి తేలుస్తారు. ఫిట్స్ లాంటివి ఉంటే న్యూరాలజిస్టే ఎంఆర్‌ఐ రాస్తారు. నాలుగేళ్లవాడు ఆ మిషన్‌లో కదలకుండా పడుకోడు, మత్తు ఇవ్వాల్సొస్తుంది. ఎందుకొచ్చిన తంటా? దానికంటే వినికిడికి బెరా పరీక్ష చేయించారో లేదో చెప్పు. చేయించకపోతే అది ముందు.

రెండోది, థెరపీ సెంటర్‌లో ఆవిడ ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమందన్నావు. మానకండి. కెనడాలో 2012లో వచ్చిన రెండు పరిశోధనల్లో, రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిజం పిల్లలు ఒక్క భాషే విన్నవాళ్లకంటే వెనకబడలేదు. మీ అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఆవిడ వాడితో మాట్లాడటం మానేస్తే వాడికి మిగిలేదేమిటి? పనమ్మాయి కన్నడంలో మాట్లాడితే మాట్లాడనీ.

ఇప్పుడు అసలు విషయం. వాడు విన్నదే తిరిగి అంటున్నాడని నీకు టెన్షన్. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే ఇది కూడా రాశాడు. పిల్లలు విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడం, 'నేను' అనాల్సిన చోట 'నువ్వు' అనడం ఆయన చూశాడు. దాన్ని అర్థంలేని గోల అనుకుని ఆపించే థెరపిస్టులు ఇప్పటికీ ఉన్నారు. నాకు వాళ్లతో పడదు.

పోయిన నెల మా ఇంట్లో పూజనాడు హాల్లో జనం నిండేసరికి నాని చెవులు మూసుకుని "ముందిన నిల్దాణ" (కన్నడంలో 'తర్వాతి స్టేషన్') అన్నాడు, మెట్రోలో వినిపించే గొంతు అచ్చుగుద్దినట్టు. అందరూ నవ్వారు. వాడు నీ కొంగు పట్టుకుని గుమ్మం వైపు లాగాడు, గుర్తుందా? "ఇక్కణ్ణుంచి పోదాం" అనే కదా వాడి భావం! అలాంటప్పుడు "ఏంటి నాన్నా, సరిగ్గా చెప్పు" అని పరీక్ష పెట్టకు. వెంటనే చెయ్యి పట్టుకుని "బయటికి పోదాం" అని వాడు అనాల్సిన మాట నువ్వే అని, నిజంగా బయటికి తీసుకెళ్లు.

పాల దగ్గరా అంతే. "నీకు పాలు కావాలా?" అంటే వాడూ "నీకు పాలు కావాలా?" అంటున్నాడు. గ్లాసు చూపించి, వాడి తరఫున "నాకు పాలు కావాలి" అని ఇచ్చెయ్. తిరిగి అనమని బలవంతం చేయొద్దు. ప్రశ్నలు తగ్గించు. అన్నాక మనసులో పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగు. ఆ ఆగడమే మీ ఇంట్లో ఎవరికీ చేతకావడం లేదు, అల్లుడికి మరీను.

వాడు చూపించి అడిగేలా బొమ్మల కార్డులు ఇప్పుడే మొదలుపెట్టండి. ఫ్రిజ్ మీద పాలు, నీళ్లు, బయటికి, చాలు అని నాలుగు అంటించండి చాలు. తర్వాత కావాలంటే బొమ్మ నొక్కితే ఆ మాట పలికే, చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్ ఉంది. బొమ్మలిస్తే నోరు బద్ధకిస్తుందని మీ అత్తగారి భయం. మాటకు తోడుగా బొమ్మల్లాంటివి ఇచ్చి చూసిన పరిశోధనలను 2006లో సమీక్షించినప్పుడు, నమ్మదగిన ఫలితాలున్నవాళ్లలో ఎవరికీ మాట తగ్గలేదు, చాలామందికి కొంచెమైనా పెరిగింది. ఇంకొకటి కూడా ఆవిడకు చదివి వినిపించు. నాలుగేళ్లకు భాషలో బాగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లల వివరాలతో 2013లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో, ఎనిమిదేళ్లు దాటేసరికి 70 శాతం మంది చిన్న చిన్న వాక్యాల దాకా వచ్చారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. మిగతావాళ్లూ ఉన్నారు, వాళ్లకీ చెప్పుకోవాల్సినవి ఉంటాయి. కార్డులు అందుకే.

కాగితాల పని అల్లుడికి వదిలెయ్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం వైకల్యంగా ఉంది కాబట్టి ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ, వస్తుంది. నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది, అదీ చూడమను.

ఆదివారం పొద్దున్నే వస్తాను. ఈలోపు ఒక నోట్‌బుక్ పెట్టి, వాడు ఏ వాక్యం అన్నాడో, అప్పుడు ఎదురుగా ఏముందో, ఆ వెంటనే వాడేం చేశాడో రాసి ఉంచు. టీవీలోంచి వచ్చినవైనా వదలకు. అది చూశాకే ఐదో కార్డు ఏమిటో చెప్తాను.

పెద్దమ్మ