రష్యాకు మిర్చి పంపితే చట్టం తప్పినట్టేనా?

గుంటూరు యార్డు నుంచి రష్యాకు ఎండుమిర్చి పంపితే, ఆంక్షలున్నాయంటూ బ్యాంకు మీ డబ్బు ఆపేసిందన్నారు కదా. టెన్షన్ వద్దండీ, మీరు చట్టం తప్పలేదు.

మన దేశం పాటించి తీరాల్సినవి ఐరాస చార్టర్ 41వ అధికరణం కింద భద్రతామండలి పెట్టే ఆంక్షలు. రష్యాకు అక్కడ ఏ తీర్మానాన్నయినా అడ్డుకునే వీటో ఉంది, ఇక ఆ మండలి ఏం పెడుతుంది! అమెరికా, యూరప్ ఆంక్షలు వాళ్ల సొంత చట్టాలు. అవి అసలు చెల్లుతాయా అన్నది తేలని తగాదా. అమెరికాపై నికరాగ్వా దేశం వేసిన కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం, వాణిజ్యం ఆపినంత మాత్రాన అది ఇంకో దేశం వ్యవహారాల్లో జోక్యం కాదంది. కానీ మనలాంటి మూడో దేశం వ్యాపారిపై ఒత్తిడి తేవడమే నాకు అన్యాయంగా తోస్తుంది.

బ్యాంకు భయమల్లా డాలర్లతోనే, ఆ చెల్లింపులు అమెరికా బ్యాంకుల మీదుగా వెళ్తాయి కాబట్టి. కారణం రాతపూర్వకంగా అడగండి. కొన్నవాళ్ల పేరు, వాళ్ల బ్యాంకు పేరు అమెరికా ఆంక్షల జాబితాలో ఉన్నాయేమో ముందు చూడండి. తర్వాతి సరుకుకు రూపాయల్లో చెల్లింపు అడగండి, 2022 జులైలోనే రిజర్వు బ్యాంకు దానికి దారిచ్చింది.