మానసిక జబ్బుకు మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? కౌన్సెలింగ్‌తో సరిపెట్టలేమా?

జబ్బు పేరు చెప్పకుండా అడిగితే దీనికి జవాబు ఉండదు. మీ తమ్ముడికి బైపోలార్ (కొన్నాళ్లు నిద్రలేని ఉన్మాదం, కొన్నాళ్లు డిప్రెషన్ వచ్చే జబ్బు) అన్నారని, లిథియం రాశారని ప్రశ్న కింద పెట్టారు కాబట్టి చెబుతున్నా. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర ఆపనివ్వకండి. మా బాబాయిదీ అదే జబ్బు, అదే మాత్ర.

బాబాయికి తెనాలి దగ్గర ఎరువుల కొట్టు ఉంది. బస్సు కండక్టరు దగ్గర రూపాయి చిల్లర కూడా వదలని మనిషి. అలాంటి ఇంటికి ఒకరోజు తెల్లారకముందే షామియానా వాళ్లు వచ్చి గుంజలు దించారు. వెనకే వంటమేస్త్రి, గాడిపొయ్యి తవ్వే మనుషులు.

"ఎవరి పెళ్లి బాబూ, ఇల్లు తప్పి వచ్చారేమో" అంది పిన్ని.

"లేదమ్మా, 500 మందికి భోజనాలు చెప్పారు. పూర్ణాలు కూడా. అడ్వాన్సు ముట్టింది."

బాబాయి అప్పటికే పట్టుపంచె కట్టుకుని వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. రాత్రంతా పడుకోలేదు, అంతకుముందు రాత్రీ అంతే. అలసట మాత్రం లేదు. సందర్భం ఏమిటంటే "ఊరంతా మనింట్లో తినాలి, అంతే" అన్నాడు. అడ్డుపడిన పిన్నిని అందరి ముందూ కసిరాడు. ఎరువుల కంపెనీకి కట్టాల్సిన డబ్బంతా ఆ విందులోకి పోయింది. ఊళ్లోవాళ్లు శుభ్రంగా తిని "దానకర్ణుడు" అని వెళ్లారు. ఒక్కరికీ అది జబ్బులా కనిపించలేదు. మంచం పట్టి ఏడిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం గానీ, హుషారుగా తిరిగేవాణ్ణి ఎవరు తీసుకెళ్తారు?

ఇంతకీ జరిగింది ఏమిటంటే, అంతకు కొన్నాళ్ల ముందు మా పెదనాన్న "బాగానే ఉన్నావుగా, ఆ మత్తు మాత్రలు ఇంకా ఎందుకురా, కిడ్నీలు పోతాయి" అన్నాడు. బాబాయి ఎవరికీ చెప్పకుండా ఆపేశాడు. బాగున్నది ఆ మాత్ర వల్లేనని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

లిథియం మత్తుమందు కాదు, ఒక రకం లవణం. ఉన్మాద దశలో అది పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో రాశాడు. ఆత్మహత్య ముప్పును కూడా తగ్గిస్తుందని పేరున్న మందు. కిడ్నీ, థైరాయిడ్ భయం ఉత్తదేమీ కాదు. అందుకే పరీక్షలు చేయిస్తూ ఉంటారు. రక్తంలో దాని మోతాదు మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. బీపీ అని ఎవరో చెబితే ఉన్నట్టుండి ఉప్పు మానేసినా, ఎండదెబ్బకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లు నొప్పులని మందుల షాపులో ఐబూప్రొఫెన్ కొనుక్కుని మింగినా ఆ మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణికి, వాంతులై, మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కౌన్సెలింగ్. షామియానా వేయిస్తున్న మనిషిని కూర్చోబెట్టి ఏం కౌన్సెలింగ్ చేస్తారు? అతని దృష్టిలో పిచ్చివాళ్లం మనమే. మందులతో కుదుటపడ్డాక మాత్రం బాగా పనికొస్తుంది, ముఖ్యంగా నిద్ర తగ్గడాన్ని ముందే పసిగట్టడానికి. పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం), ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) లాంటివాటికి పద్ధతి ప్రకారం చేసే థెరపీయే అసలు వైద్యం కావచ్చు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కైతే తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు వాడించి మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం అక్కర్లేదు. ఆ మాట విని బైపోలార్ వాళ్లు కూడా ఆపేస్తారు, అదీ నా బాధ.

సినిమాల మీద కూడా నాకు కోపముంది. తలకి దెబ్బ తగిలితే పిచ్చి వస్తుంది, మళ్లీ తగిలితే పోతుంది! మానసిక ఆసుపత్రులున్న హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు పేర్లు తిట్లయిపోయాయి. అందుకే తాయెత్తులు, నిమ్మకాయలు అన్నీ అయ్యాక గానీ అక్కడి ఓపీకి ఎవరూ వెళ్లరు. మొదటిసారి బాబాయి మంచం పట్టినప్పుడు చూసిన డాక్టరు కూడా, గతంలో నిద్రలేకుండా హుషారుగా తిరిగిన రోజులున్నాయా అని అడక్కుండా డిప్రెషన్ మాత్రలు రాసిచ్చాడు. బైపోలార్‌లో అవి మాత్రమే ఇస్తే కొందరికి జబ్బు ఉన్మాదం వైపు తిరగబడుతుంది. మీరే ఆ రోజుల గురించి చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

రాత్రిపూట డాక్టరు దొరక్కపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు. లిథియం పరీక్షకి రక్తం ఇచ్చేటప్పుడు రాత్రి మాత్ర వేసుకుని 12 గంటలు అయిందో లేదో చూసుకోండి. పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లాలి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మా దగ్గర ల్యాబ్ కుర్రాడు పరగడుపున రమ్మంటాడు గానీ, ఈ సంగతి అడగనే అడగడు.