ఆడమ్స్, జెఫర్సన్ ముసలితనంలో రాసుకున్న ఉత్తరాల్లో ఉన్నది నిజమైన స్నేహమేనా?

అడిగినవారి సందేహం ఇది. అమెరికా రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రాజకీయ విరోధులుగా విడిపోయి, ఆ తరువాత 1812 నుంచి 1826 వరకు మళ్లీ ఉత్తరాలు రాసుకున్నారు కదా, అది మనస్ఫూర్తిగా జరిగిన సయోధ్యా, లేక రేపు అందరూ చదువుతారని తెలిసి ఇద్దరూ ప్రదర్శించిన పెద్దరికమా?

నా అభిప్రాయంలో స్నేహమూ నిజమే, ఎవరో చదువుతారన్న స్పృహా నిజమే. ఆ ఉత్తరాలను తేదీల వరుసలో చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరే విషయం: ఈ స్నేహం నిలబడింది వారు పరిష్కరించుకున్న తగాదాల వల్ల కాదు, జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్నల వల్ల. ఆ వదిలేయడంలో ఎంత ఔదార్యం ఉందో అంత ఎగవేతా ఉంది.

నేను ఉండేది బోస్టన్‌కు దక్షిణాన, ఆడమ్స్ సొంత ఊరు క్విన్సీకి దగ్గరలో. ఒక చలికాలమంతా ఈ ఉత్తరాలను అమెరికా జాతీయ అభిలేఖాగారం ఉచితంగా అందిస్తున్న 'ఫౌండర్స్ ఆన్‌లైన్' వెబ్‌సైటులో చదివాను. అప్పుడు మా ఇంటికి వచ్చి ఉన్న నాన్నగారు, చరిత్ర ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవారు, రాత్రి భోజనాలయ్యాక చదివి వినిపించమనేవారు. 1812 జనవరి 1న ఆడమ్స్ రాసిన మొదటి ఉత్తరంతో మొదలుపెట్టబోతే ఆయన ఆపి, "ఇంతటి వైరం ఉన్నవాళ్లు ఒక్క ఉత్తరంతో కలుస్తారా? దీనికి ముందేదో జరిగి ఉండాలి, అది చూడు" అన్నారు. జరిగింది కూడా. అయితే అది ఆడమ్స్‌కు తెలియకుండా జరిగింది.

ముందు వైరం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1776లో స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా సంఘంలో ఇద్దరూ సభ్యులు. 1780లలో ఒకరు లండన్‌లో, ఒకరు పారిస్‌లో రాయబారులుగా ఉండి, 1786లో ఇంగ్లండులోని తోటలు కలిసి తిరిగి చూశారు. 1796 ఎన్నికలో ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68 ఎలక్టోరల్ ఓట్లు రాగా, రెండవ స్థానంలో నిలిచినవారే ఉపాధ్యక్షులయ్యే నాటి నియమం ప్రకారం ప్రత్యర్థులిద్దరూ ఒకే ప్రభుత్వంలో కూర్చోవలసి వచ్చింది. 1800లో ఆడమ్స్ ఓడిపోయారు. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణ స్వీకారానికి ఉండకుండా తెల్లవారక ముందే బండి ఎక్కి రాజధాని వదిలి వెళ్లారు. ఆ తరువాత ఆ ఇద్దరూ మళ్లీ ఎన్నడూ ముఖాముఖి కలుసుకోలేదు.

1804 ఏప్రిల్‌లో జెఫర్సన్ చిన్న కూతురు పాలీ మరణించింది. 1787లో ఎనిమిదేళ్ల పిల్లగా సముద్రం దాటి తండ్రి దగ్గరకు పారిస్ వెళుతూ, దారిలో కొన్ని వారాలు లండన్‌లో ఆడమ్స్ భార్య అబిగెయిల్ సంరక్షణలో ఉన్న పాప అది. విడిపోయేటప్పుడు ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ జ్ఞాపకంతో అబిగెయిల్ భర్తకు చెప్పకుండా మే 20న పరామర్శ లేఖ రాశారు. జెఫర్సన్ కృతజ్ఞతతో జవాబిస్తూ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆడమ్స్ జీవితంలో తనను వ్యక్తిగతంగా నొప్పించిన పని ఒక్కటేననీ, అది పదవి దిగిపోయే ముందు హడావుడిగా చేసిన నియామకాలేననీ కూడా రాశారు. అబిగెయిల్ ఊరుకునే మనిషి కారు. ఆడమ్స్‌ను దుమ్మెత్తిపోసిన జేమ్స్ కాలెండర్ అనే పాత్రికేయుడికి జెఫర్సన్ డబ్బిచ్చి ప్రోత్సహించిన సంగతి ఎత్తి, నీవు పాలుపోసి పెంచిన పామే చివరికి నిన్ను కాటేసింది అనే అర్థం వచ్చేలా రాశారు. అప్పటికి కాలెండర్ జెఫర్సన్ మీదకే తిరగబడి, జెఫర్సన్‌కు తన బానిస స్త్రీ శాలీ హెమింగ్స్‌తో సంబంధం ఉందని పత్రికకు ఎక్కించి ఉన్నాడు. ఇక్కడొక మాట పక్కన చెప్పాలి. పాలీకి తోడుగా లండన్‌లో అబిగెయిల్ ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లే ఆ శాలీ హెమింగ్స్. 1804లో అబిగెయిల్, జెఫర్సన్ రాసుకున్న మొత్తం ఏడు ఉత్తరాల్లో పాలీ జ్ఞాపకం ఉంది, తోడు వచ్చిన పిల్ల లేదు.

ఆ ఏడాది నవంబరులో ఆడమ్స్ ఆ ఉత్తరాలన్నీ చదివి, ఇదంతా తనకు తెలియకుండా జరిగిందనీ, దీని మీద ఇప్పుడు ఇక్కడ తాను చెప్పేదేమీ లేదనీ రెండు ముక్కలు రాసి పెట్టుకున్నారు. ఏ విషయం మీదైనా పేజీలకు పేజీలు నింపే మనిషి అలా మౌనం వహించడం చూస్తే, గాయం ఎంత పచ్చిగా ఉందో తెలుస్తుంది. అందుకే మనసువిప్పి అన్నీ మాట్లాడుకుంటే మళ్లీ దగ్గరవుతామన్న సూత్రం వీరి విషయంలో పనిచేయలేదని నేను అంటాను. 1804లో ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకున్నారు, తలుపు మూసుకుపోయింది.

తెరిచినవాడు ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఆయన ఇద్దరికీ మిత్రుడు. 1809 అక్టోబరులో ఆడమ్స్‌కు రాస్తూ, తనకొక కల వచ్చిందనీ, అందులో తన కొడుకు భవిష్యత్తులో రాసిన చరిత్ర గ్రంథం చదువుతున్నాడనీ, ఆ ఏటి ముఖ్య సంఘటన ఆడమ్స్, జెఫర్సన్ మళ్లీ స్నేహితులు కావడమేననీ చెప్పారు. అది నిజంగా వచ్చిన కలో, మర్యాదగా ఇచ్చిన సలహాకు తొడిగిన ముసుగో మీరే నిర్ణయించుకోవచ్చు. ఆడమ్స్ వెంటనే కదలలేదు. 1811 వేసవిలో జెఫర్సన్ పొరుగువాడైన ఎడ్వర్డ్ కోల్స్ తన సోదరుడితో కలిసి క్విన్సీ వచ్చినప్పుడు మాత్రం, మాటల మధ్యలో, జెఫర్సన్ అంటే తనకు ఎప్పుడూ ప్రేమేననీ ఇప్పటికీ ఉందనీ అనేశారు. ఆ మాట వర్జీనియా చేరింది. ఎడ్వర్డ్ కోల్స్ పేరు గుర్తుంచుకోండి, ఆయన మళ్లీ వస్తాడు.

1812 జనవరి 1 నాటి ఆడమ్స్ ఉత్తరం చాలా చిన్నది. మీకు స్వదేశీ వస్త్రాలంటే ఇష్టం గదా, ఇంట నేసిన రెండు ముక్కలు పంపుతున్నాను అని చమత్కరించారు. అవి నిజానికి తన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ వక్తృత్వం మీద చేసిన ఉపన్యాసాల రెండు సంపుటాలు. పుస్తకాల కట్ట వెనకబడి ఉత్తరం ముందు చేరడంతో, జెఫర్సన్ అవి నిజమైన బట్టలేననుకొని వర్జీనియాలో ఇంటింటా నూలు వడకడం, నేయడం గురించి గంభీరంగా జవాబు రాశారు. నాన్నగారు ఇది విని చాలాసేపు నవ్వారు. కానీ అదే ఉత్తరంలో జెఫర్సన్ ఇద్దరూ ఒకే పడవలో తెడ్లు వేసిన పాత రోజులను తలచుకున్న తీరు చదివితే, ఇది లోకం కోసం రాసిన మాట కాదనిపిస్తుంది.

ఆ పైన పద్నాలుగేళ్లలో 158 ఉత్తరాలు నడిచాయి, వాటిలో 109 ఆడమ్స్‌వి, 49 జెఫర్సన్‌వి. ఈ తేడాను చూసి చాలామంది జెఫర్సన్‌కు ఆసక్తి తక్కువనుకుంటారు. అది తొందరపాటు. మాంటిచెల్లోలోని ఆయన ఇంటికి వెళ్లినప్పుడు, ఒక కలంతో రాస్తుంటే జతగా అమర్చిన రెండవ కలం పక్క కాగితం మీద నకలు గీసే యంత్రాన్ని చూశాను. దాని ముందు ఆయన ఎంత చాకిరీ చేశారో ఆయన మాటల్లోనే ఉంది: 1820లో ఒక్క ఏడాదిలో తనకు వచ్చిన ఉత్తరాలు లెక్కపెడితే 1,267 తేలాయని ఆడమ్స్‌కే మొరపెట్టుకున్నారు. పైగా మణికట్టు ఎముకలు విరిగిన చేతులాయన. ఆడమ్స్ చేతులు వణికేవి, చివరి ఏళ్లలో చూపు మందగించి ఇతరుల చేత చదివించుకుని, రాయించేవారు.

1813 వేసవి ఈ స్నేహానికి అసలు పరీక్ష. జెఫర్సన్ 1801లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే పండితుడికి ఆడమ్స్ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ రాసిన ప్రైవేటు ఉత్తరం లండన్‌లో అచ్చయి ఆడమ్స్ కంటపడింది. ఆయన ఊరుకోలేదు. జూన్, జూలై నెలల్లో జవాబు కోసం ఆగకుండా ఉత్తరం మీద ఉత్తరం రాశారు. వాటిలోనే, మనం ఒకరికొకరం సంజాయిషీ చెప్పుకోకుండా చనిపోకూడదు అన్న సుప్రసిద్ధ వాక్యం జూలై 15న వచ్చింది. అదే ఉత్తరం చివర ఖాళీ చూసుకుని అబిగెయిల్ పాత స్నేహితురాలిగా ఒక పలకరింపు చేర్చారు. తొమ్మిదేళ్ల తరువాత ఆమె నుంచి వచ్చిన మొదటి మాట అది. జెఫర్సన్ ఏం చేశారు? పార్టీలు మనిషి స్వభావంలోనే ఉన్నాయనీ, పాత తగాదాలకు కొత్తగా చేర్చడానికి తన దగ్గరేమీ లేదనీ చెప్పి, వాదాన్ని క్రమంగా ఎవరికీ నొప్పి తగలని మైదానానికి మళ్లించారు. అక్టోబరు 28న సద్గుణం, ప్రతిభ ఉన్నవారే సహజ కులీనులని ఆయన రాసిన ప్రసిద్ధ లేఖ అలా పుట్టింది. అందం, ధనం, వంశం కూడా ప్రజల ఓట్లను లాగుతూనే ఉంటాయి, వాటిని నీ సిద్ధాంతం ఆపలేదని ఆడమ్స్ ఎదురు చెప్పారు. ఈ ఒక్క వాదంలో మాత్రం నాకు ఆడమ్స్ పక్షమే బలమైనదిగా కనిపిస్తుంది.

ఆ ఏడాది క్రిస్మస్ నాటి ఉత్తరం మన పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. మతాల చరిత్ర గురించి ప్రీస్ట్‌లీ పుస్తకాన్ని విమర్శిస్తూ ఆడమ్స్ హిందువుల శాస్త్రం ప్రస్తావన తెచ్చారు. భగవంతుడు ఒక్కడే, ఆద్యంతాలు లేనివాడు అంటూ మొదలయ్యే దాని ఉపోద్ఘాతం కంటే గాఢమైన తత్త్వం ఎక్కడుందని అడిగారు. ఆంగ్ల అనువాదాల ద్వారా వారికి చేరిన ఆ పాఠం ఎంత నమ్మదగినదన్నది వేరే చర్చ. 78 ఏళ్ల వయసులో మసాచుసెట్స్ పల్లెలో కూర్చుని ఆ ప్రశ్న అడగడమే నాకు ముచ్చటగా అనిపించింది.

ఇక లోకం కోసం రాశారా అన్న అనుమానానికి నేరుగా ఆధారాలు రెండున్నాయి, రెండూ వేరువేరు దిక్కులకు లాగుతాయి. 1815 ఆగస్టులో జెఫర్సన్, మన ఉత్తరాలు అచ్చువేస్తానని ఒక ముద్రాపకుడు తెగించి అడిగాడనీ, వీళ్లకు రహస్యమూ పవిత్రమూ ఏదీ లేదనీ ఆడమ్స్‌తో విసుక్కున్నారు. 1822లో ఆడమ్స్ మాత్రం మీ ఉత్తరాలన్నీ ఒకనాడు సంపుటాలుగా రావాలని కోరారు. ఇద్దరూ నకళ్లు భద్రపరిచారు కనుక, రేపటి పాఠకుడు వారి తలపులో లేడని చెప్పలేం.

అయితే 1823లో జరిగినది ఆ పాఠకుడి కోసం చేసినదని నేను నమ్మలేను. వైరం మండుతున్న రోజుల్లో జెఫర్సన్‌ను దూషిస్తూ ఆడమ్స్ ఒక బంధువుకు రాసిన పాత ఉత్తరాలు అచ్చులోకి వచ్చాయి. ఆడమ్స్‌కు తలకొట్టేసినట్టయింది. జెఫర్సన్ అక్టోబరు 12న తానే ముందుగా రాసి, ఈ వయసులో ఎప్పటివో మరచిపోయిన సంగతులు తవ్వుకుని జీవిత సాయంకాలాన్ని తీపి చేస్తున్న ఆప్యాయతను చెరుపుకోవడం వింతగా ఉండదా అని అడిగారు. అది ఉదయ ఫలాహారం దగ్గర అందరికీ చదివి వినిపించగా, ఇంతకంటే మంచి ఉత్తరం ఎవరూ రాయలేదని ఇంటిల్లిపాదీ అన్నారని ఆడమ్స్ జవాబు. అబిగెయిల్ అప్పటికి లేరు. 1818లో ఆమె పోయినప్పుడు, ముప్పై ఆరేళ్లనాడే భార్యను పోగొట్టుకుని ఉన్న జెఫర్సన్, కాలమూ మౌనమే ఇలాంటి దుఃఖానికి మందులని నాలుగు వాక్యాల్లో రాశారు.

ఈ మౌనమే మరో చోట నన్ను ఇబ్బంది పెట్టింది. మిస్సోరిని బానిస రాష్ట్రంగా చేర్చుకోవాలా అన్న వివాదం నడుస్తున్న 1821 జనవరిలో, మన బానిసలకు స్వేచ్ఛతో పాటు బాకు కూడా చేతికివ్వాలా అని జెఫర్సన్ అడిగారు. జీవితంలో ఎన్నడూ బానిసలను ఉంచుకోని ఆడమ్స్ ఫిబ్రవరి 3న, బానిసత్వం అర్ధ శతాబ్దంగా ఈ దేశం మీద నల్లమబ్బులా వేలాడుతోందని రాసి, వెంటనే, ఇది నాకు అంతుపట్టదు, మీ దక్షిణాది పెద్దమనుషులకే వదిలేస్తాననేవాణ్ణి అన్నారు. క్రీస్తు బోధనల నుంచి హిందువుల శాస్త్రం దాకా దేన్నీ వదలని ఇద్దరు మేధావులు, ఒకరు తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను ఆస్తిగా ఉంచుకున్నవాడై ఉండగా, ఈ ఒక్క ప్రశ్న ముందు మర్యాదగా పక్కకు తొలగారు. కాలధర్మం అని సర్దిచెప్పుకోవడానికి వీలు లేకుండా ఎడ్వర్డ్ కోల్స్ అడ్డు నిలుస్తాడు. 1811లో స్నేహ సందేశం మోసిన ఆ యువకుడే 1814లో, విముక్తి ఉద్యమానికి మీరు నాయకత్వం వహించండని జెఫర్సన్‌కు రాశాడు. ఆ పని యువకులదని జెఫర్సన్ తప్పుకున్నారు. కోల్స్ 1819లో తన బానిసలను ఇలినాయ్‌కి తీసుకువెళ్లి, విడుదల చేసి, భూములిచ్చి, తరువాత ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు.

కాబట్టి ఎవరైనా మొదటిసారి చదవబోతుంటే, 1826 జూలై 4న ఇద్దరూ ఒకే రోజు మరణించారన్న యాదృచ్ఛికంతో గాని, 1812తో గాని మొదలుపెట్టవద్దని నా సలహా. 1804 నాటి అబిగెయిల్ ఉత్తరాలు ముందు, తరువాత 1813 జూన్ నుంచి డిసెంబరు దాకా ఇద్దరివీ ఒక్కటీ వదలకుండా, ఆ పైన 1823 నాటి రెండు చదవండి. 1821 నాటివి చదివేటప్పుడు, 1814లో కోల్స్, జెఫర్సన్ రాసుకున్న ఉత్తరాలను కూడా పక్కనే పెట్టుకోండి. ఇవన్నీ ఆ వెబ్‌సైటులోనే పేరు, తేదీ ఇస్తే దొరుకుతాయి.