అల్లుడూ, నీ 100 కాస్తా 79 ఎందుకైందంటే

అల్లుడూ,

బబుల్ మీటర్‌లో (గాజు గొట్టంలో సబ్బు బుడగ ఎంత వేగంగా పైకి పోతుందో చూసి గ్యాస్ ప్రవాహం కొలిచేది) నైట్రోజన్ నిమిషానికి 100 మిల్లీలీటర్లు వస్తుంటే, గ్యాస్ ప్రవాహాన్ని కొలిచి అదుపు చేసే మాస్ ఫ్లో కంట్రోలర్ 79 దగ్గరే ఆగింది, ఏది పాడైంది మామా అని అడిగావు. ఏదీ పాడవలేదనుకుంటా, సర్వీసు వాళ్లకు ఫోన్ చేయకు, ముందు లెక్క చూడు.

బబుల్ మీటర్ చెప్పేది మీ గది వేడికి, అక్కడి ఒత్తిడికి గ్యాస్ ఎంత జాగా పట్టిందో అది. కంట్రోలర్ మాత్రం అదే గ్యాస్ 0 డిగ్రీల దగ్గర, 760 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడిలో (సముద్రమట్టం దగ్గరి మామూలు ఒత్తిడి) ఎంత అయ్యేదో చెప్తుంది. మన పాలమూరు దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ 760 ఎక్కడిది, 716 చుట్టుపక్కలే. పైగా సబ్బునీళ్ల మీదుగా వచ్చిన గ్యాస్ తడి మోసుకొస్తుంది, నువ్వన్నట్టు ఏసీ లేక గది 35 డిగ్రీలుంటే ఆవిరి వాటానే 42. అది తీసేస్తే 674. దాన్ని 760తో భాగించి, 273 బై 308తో (0కీ 35కీ 273 కలిపితే వచ్చే కెల్విన్ అంకెలు) గుణించు, 0.786 వస్తుంది, అంటే 100కి 79. అదీ సంగతి. కొన్ని కంపెనీలు 0కి బదులు 20 లేదా 25 డిగ్రీలు పెట్టుకుంటాయి, 0కీ 25కీ మధ్యనే 9 శాతం తేడా, అందుకే మాన్యువల్‌లో ఆ డిగ్రీలు రాసిన పేజీ ఫోటో తీసి పెట్టుకో.

కొలిచే ముందు రెండు మూడు బుడగలు ఊరికే పంపి గొట్టం తడుపు, లేకపోతే మధ్యలోనే పగులుతాయి. బుడగ రెండు సెకన్లలో పైకి పోతుంటే నీ వేలు ఆలస్యమే కొలతను చెడగొడుతుంది, లావు గొట్టం పెట్టు. కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం ఇది నమ్మకు, సబ్బునీళ్లలో కొంత కరిగిపోతుంది.

రోటామీటర్ (గ్యాస్ పైకి లేపిన ముక్క ఏ గీత దగ్గర నిలిచిందో చూసి ప్రవాహం చదివే గొట్టం) నిటారుగా ఉండాలి, లోపల గుండు ఉంటే దాని నడుమ దగ్గర చదవాలి. గాలికి గీసిన స్కేలు మీద హైడ్రోజన్ పంపితే, సాంద్రత లెక్కన చూపించేదానికి 3.8 రెట్లు పోతుంది. చిన్న గొట్టాల్లో గ్యాస్ జిగట కూడా కలుస్తుంది కాబట్టి ఆ అంకె కూడా గుడ్డిగా వాడకు, అదే గ్యాస్‌తో బబుల్ మీటర్ పెట్టి సరిచూడు, బయటికొచ్చే గొట్టం గ్యాస్‌ను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోకి తిప్పు.

కంట్రోలర్‌ను ఆన్ చేయగానే చదివేయకు, అరగంట వేడెక్కనిచ్చి, రెండు వైపులా వాల్వులు మూసి సున్నా చూపిస్తోందో లేదో చూడు.

రిజిస్టర్‌లో ఫ్లో పక్కనే గది వేడి, ఒత్తిడి రాయి. ఒత్తిడి వెదర్ యాప్‌లో చూసి రాసేవు సుమా, అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె, మన ఊరి అసలు ఒత్తిడి కాదు.

మీ మామ