లెస్టర్ అంటే పాలెమే

ఇంగ్లండ్‌లోని ఆ ఊరిని లీసెస్టర్ అనాలా, లెస్టర్ అనాలా, పేరుకు అర్థం ఏమిటి అని అడిగారు. లెస్టర్ అనే అనాలి, రెండో మాటే లేదు.

చదువుకోవడానికి వెళ్లిన కొత్తలో లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో "లీసెస్టర్" అని టికెట్ అడిగాను. కౌంటర్‌లోని పెద్దావిడకు అర్థం కాలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. నా వెనక వరస పెరుగుతోంది. చివరికి సంచిలోంచి ప్రవేశ పత్రం తీసి ఊరి పేరు మీద వేలు పెట్టాను. ఆవిడ ముఖం విప్పారింది. "లెస్టర్!" అంటూ ఇంగ్లిషు పేరు Leicesterలోని మొదటి ఐదు అక్షరాల తర్వాత గోటితో చిన్న గీత గీశారు. ఆ ఐదూ ఒక ముక్క, మిగిలిన నాలుగూ ఇంకో ముక్క. నేను ఇన్నేళ్లూ తప్పుచోట విరిచాను, అంతే. చివరి నాలుగక్షరాలను ఇలాగే విడదీస్తే గ్లాస్టర్ (Gloucester), వుస్టర్ (Worcester), బిస్టర్ (Bicester) కూడా వచ్చేస్తాయి. సైరెన్‌సెస్టర్ (Cirencester)ను మాత్రం ఉన్నదున్నట్టు పలుకుతారు.

ఇక అర్థం. లాటిన్‌లో సైనిక శిబిరాన్ని కాస్త్రా అంటారు. పాత ఇంగ్లిషువాళ్లు ఆ మాటను అందుకుని రోమన్లు కట్టిన ఎన్నో ఊళ్లకు తగిలించారు. మాంచెస్టర్, వించెస్టర్, లాంకాస్టర్ అన్నిటిలోనూ ఉన్నది అదే. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో మన ఊరు 'లెడెసెస్ట్రె'. అందులోని 'సె' తర్వాత జనం నోళ్లలో అరిగిపోయింది. రాజమహేంద్రవరం రాజమండ్రి కాలేదా?

ఆ రాత్రి ఫోనులో ఇదంతా చెబితే, తెలుగు మాస్టారైన మా నాన్నగారు మధ్యలోనే ఆపేశారు. "దండు విడిసిన చోటంటే మన పాలెమే కదా నాన్నా!" అన్నారు. నిజమే. అక్కడా ఇక్కడా దండు వెళ్లిపోయింది, ఊరు మిగిలింది. లెస్టర్‌లో రోమన్ స్నానశాల గోడ ఒకటి ఇంకా నిలిచి ఉంది. జ్యూరీ వాల్ అంటారు. రాతి వరసల మధ్య పలచని ఎర్ర ఇటుకల పట్టీలు కనిపిస్తాయి. వెళితే తప్పక చూడండి.

మన పత్రికల్లో ఇప్పటికీ 'లీసెస్టర్' అని కనిపిస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పలికినట్టు రాసుకోగల లిపి మనది. అందులో కూడా ఇంగ్లిషు స్పెల్లింగును మోయడం ఎందుకండీ?