ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ట్రైనింగ్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక రికార్డు కోసమేనా?

నన్నడిగితే తొంభై పాళ్లు రికార్డు కోసమే. జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో పదకొండేళ్లు షిఫ్టులు చేశా, నాకు తెలిసిన ట్రైనింగ్ అంటే ఇంగ్లీషు పీపీటీ, ముందే సంతకాలు, ఒక సమోసా, టీ. కూర్చున్నోళ్లలో సగం మంది ఒడిశా, బీహార్ కుర్రాళ్లు, వాళ్లకి తెలుగే అంతంతమాత్రం, ఇంక ఇంగ్లీషేంటండీ.

ఒకసారి నైట్ షిఫ్టులో ఎవరో స్టాటిక్ కరెంటు నేలలోకి పోయేలా పెట్టే ఎర్తింగ్ క్లిప్ పెట్టకుండా టోలుయిన్‌ని, అంటే ఇట్టే అంటుకునే సాల్వెంట్‌ని, ప్లాస్టిక్ బకెట్లోకి పట్టారు, భగ్గున అంటుకుంది. మావాడొకడు ఉరికెళ్లి గోడకున్న మంటలార్పే సిలిండర్ పీక్కొచ్చి లీవర్ నొక్కుతున్నాడు, ఏమీ రావట్లా, ఇంకా గట్టిగా నొక్కుతున్నాడు, "ఖాళీదిరా ఇది" అని అరుస్తున్నాడు. ఖాళీ కాదు, పిన్ను తీయలేదు, అంతే. పక్కనే ఉన్న నాకూ తట్టలేదు, అదే నెలలో ట్రైనింగ్ షీట్ మీద సంతకం పెట్టినోణ్ణి నేను! చివరికి ఒక హెల్పర్ ఇసుక బకెట్లు తెచ్చి కుమ్మరిస్తే ఆగింది.

తర్వాత మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి, పెద్దాయన, రీఫిల్లింగ్‌కి పోవాల్సిన సిలిండర్లన్నీ బాయిలర్ వెనక్కి తెప్పించి, అడ్డంగా కోసిన డ్రమ్ములో డీజిల్ పోసి అంటించి, ఒక్కొక్కర్నీ పిలిచి ఆర్పమన్నాడు. క్యాంటీన్ అక్క "నాకెందుకు సార్ ఇవన్నీ" అంటూనే వచ్చింది. ఎదురుగాలికి నిలబడి మంట పైకి కొట్టింది, పౌడరంతా ఆమె మొహం మీదకే. ఆరు కిలోల సిలిండర్ పట్టుమని అర నిమిషం కూడా రాదు, ఆ సంగతి నాక్కూడా ఆరోజే తెలిసింది. రెండోసారి గాలి వీపుకి పెట్టుకుని మంట మొదట్లో కొట్టింది, ఠక్కున ఆరిపోయింది. నాకు మాత్రం మూడుసార్లు పట్టింది, అక్క ఇప్పటికీ ఏడిపిస్తది.

మంట అంటుకోకుండా రియాక్టర్లలో (మందు తయారయ్యే పెద్ద ట్యాంకుల్లో) నింపే నైట్రోజన్ సంగతీ ఇంతే. వాసనుండదు, రంగుండదు, రియాక్టర్లోకి తల పెట్టినోడు రెండు ఊపిరులకే ఒరిగిపోతాడు, వాణ్ని లాగడానికి దిగినోడూ పోతాడు. అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో దీనికి 36వ సెక్షన్ ఉండేది, గోడ మీద బోర్డూ ఉండేది, కానీ ఆక్సిజన్ మీటర్ చేతికిచ్చి "19.5 శాతం కంటే తగ్గితే దిగొద్దు" అని చూపించినోడు మాకు ఒక్కడూ లేడు. సమోసాలకి మాత్రం బడ్జెట్ ఉంటది.

పెద్దాయన సంగతి చెప్పలేదు కదా, ఆ డీజిల్ ఎవర్నడిగి వాడావని మెమో ఇచ్చారు.